పసుపు మరక కింద పేరు

ఆ పటం మా నాయన పసుపు దుకాణంలో దొరికిందని మీరు ఎక్కడో చదివే ఉంటారు. అబద్ధం. మూలనున్న పసుపు మరకే అందుకు రుజువని పెద్ద పెద్ద నిపుణులు రాశారు. ఆర్మూరులో పసుపు అంటని వస్తువు ఉంటుందా అని ఒక్కరైనా అడగలేదు! ఆ మరక వేసింది నేను. పందొమ్మిదేళ్లుగా దాన్ని మోస్తున్నాను. నా నోటికి ఊరంతా జంకుతుంది. ఈ ఒక్క మాటకే నాకు నోరు పెగల్లేదు.

పటం మా పక్కింటి రజియాది; అక్కలాంటిదని ఆపా అనేదాన్ని. బీడీలు చుట్టి ఇల్లు నడిపిన మనిషి. నేను కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతానని, ఒకరోజు పాత దుపట్టాలో చుట్టిన కాగితం తెచ్చి నా ముందు పరిచింది.

"జర సూడు బిడ్డా, ఇంగ్లీషుల ఏం రాసిండ్రో. కింద మూలకు ఉర్దూల ఉన్నది మా తాత పేరు. తెల్లదొర ఎంబడి గుట్టలన్ని తిరిగి గీ రంగులేసింది గాయనే."

కాగితం మీదికి వంగి చూశాను. మా గుట్టల్లో ఏ రాయి ఎక్కడుందో రంగుల్లో చూపిన పటం. అంత పాతది పుస్తకాల్లో కూడా చూడలేదు.

"ఏం లేదాపా. పాత తొవ్వల నక్ష. దేనికి పనికిరాదు."

"గట్లయితే నీ తాననే ఉండనీ. మా ఇంట్ల చెదలు తింటయ్. నీకైతే రాళ్ల పిచ్చి ఉన్నది" అని నవ్వింది.

ఎందుకు చేశాను? పేరు కోసం. చిన్న ఊరి కాలేజీలో పాఠం చెప్పే ఆడదాని మాట ఎవరు వింటారు, పటం కనిపెట్టినామె మాటైతే వింటారు అని నాతో నేనే వాదించుకున్నాను. వాదనలో ఎవరినైనా ఓడిస్తాను. అవతల కూర్చున్నది కూడా నేనే అయితే గెలిచిందెవరు? వెలిసిపోయిన ఆ సిరా అక్షరాల మీద తడి పసుపు ముద్దగా అద్దాను. చింపడానికి మాత్రం మనసు రాలేదు. అదేదో దయ అనుకున్నానా?

నాయన దుకాణంలో దొరికిందని అందరికీ చెప్పాను. నగరంలోని మ్యూజియానికి తీసుకుపోయే ముందు పటాన్ని మా కాలేజీలో ఒకరోజు అద్దం కింద పెట్టారు. పిలవకపోతే అనుమానిస్తుందని ఆపాను నేనే వెంటబెట్టుకు వెళ్లాను. ఆమె ఆ మూలనే చాలాసేపు చూసింది.

"పసుపు మరక ఎండల పెడితే పోతది గద, బిడ్డా" అంది. అంతే.

తర్వాత బోధన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. గోడ అవతల బీడీ ఆకు కత్తిరించే చప్పుడు ఆగిపోయింది. నాతో పోట్లాడే మనిషి కూడా మిగల్లేదు. పాత కాగితానికి వెలుతురు పడదని పటాన్ని చీకటి గదిలో దాచారట. అంటే నా మరకా భద్రమే.

ఆ మూల ఉన్న పేరు షేక్ మహబూబ్. ఇదిగో, రాశాను. క్షమించమని అడగను. చెయ్యి మాత్రం కాస్త తేలికైంది.

ఒక్కటే తేలలేదు. ఆపా ఆ రోజు నా దొంగతనం పట్టుకుందా, లేక దిద్దుకోవడానికి నాకో తోవ చూపించిందా?