మూడు కిక్కుల గడువు

ఎల్లారెడ్డిలో మా యోబు తాతకు మనవల పుట్టినరోజులు గుర్తుండవు గానీ, తన మోటోక్రాస్ బండి చరిత్ర మాత్రం నోటికి వచ్చు. బురదలో పందేల కోసం జపాన్‌లో చేసిన అయిదు వందల సీసీ టూ స్ట్రోక్ అది. ఫోర్ స్ట్రోక్‌లు వచ్చాక అంత పెద్దవి చేయడం మానేశారట. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన నిజాంసాగర్ కాలువగట్టు మీద దాంతో కాలు విరగ్గొట్టుకుని, మళ్లీ దాని మొహం చూడనని మెకానిక్ అయిన మా తాతకే వదిలేసి పోయాడు. దానికి లైటు లేదు, హారన్ లేదు. తాత దగ్గుమందు మూతతో ఆయిల్ కొలిచి పెట్రోల్లో కలుపుతాడు, వేలు ముంచి వాసన చూస్తాడు, ఆ వేలు లుంగీకి తుడుచుకుంటాడు.

ఆ మరకలు ఉతికి విసిగిన రూతవ్వ మొన్న పాతసామాన్ల సాయిలును పిలిచింది. "మూడు కిక్కులల్ల స్టార్ట్ అయితే ఉంటది, లేకుంటే పోతది" అంది. తాత మొహం చిన్నబోయింది. బండి ఎదురుతన్నితే మడమ పోతుందని చర్చికి వేసుకునే బూట్లు తొడుక్కొచ్చాడు. మొదటి కిక్కుకు బండి దగ్గనైనా లేదు. రెండోది తాతను గోడకు ఆనించింది. సాయిలు నవ్వుకుంటూ బండిని కట్టుకుపోవడానికి తాడు విప్పాడు. తాత మూడోసారి కాలెత్తాడు.

"ఆగు. పెట్రోల్ ట్యాప్ తెరిచినవా?" అంది అవ్వ, చేటలోంచి తలెత్తకుండా.

తాత గతుక్కుమని వంగి, ట్యాప్ తిప్పి తన్నాడు. వాకిలంతా నీలి పొగ. కోళ్లు గోడెక్కాయి. అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని సాయిలు వైపు తిరిగింది.

"ఇంక ఏం చూస్తున్నవ్ బిడ్డా? గింత మంచి బండిని పాతసామాన్లకు ఎవలన్న ఏస్తరా?"