వంపు తిరగని తొట్టిబండి

రెండో ప్రపంచయుద్ధం ముగిసిందని గద్వాలలో అందరికన్నా ముందు సంతోషించినవాడు మా చిన్నాయన. మిలిటరీ వాళ్ళు తమకు అక్కరలేని మోటార్లు అమ్మేస్తున్నారని విని, ఎక్కడికో పోయి, పది రోజులు కనిపించకుండా ఉండి, ఒకటి తోలుకొచ్చాడు. ముందు ఇద్దరు కూర్చునే గది, వెనక మూత లేని తొట్టి. లారీ అనడానికి దానికి ఒళ్ళు చాలదు, కారు అనడానికి మర్యాద చాలదు. ఊరు దానికి తొట్టిబండి అని పేరు పెట్టి తన పనిలో తాను పడింది.

రెండు నదుల నడుమనున్న మా నడిగడ్డలో బాటలు ఎడ్లబండ్లు వేసినవి. రెండు చక్రాల గాడులు మోకాటి లోతున ఉంటాయి, వాటి మధ్యన మట్టి గుట్టలా లేచి ఉంటుంది. తొట్టిబండి కడుపు ఆ గుట్టకు రాసుకుని, ఎక్కడ పడితే అక్కడ దున్నపోతులా కూలబడేది. చిన్నాయన కమ్మరి దగ్గరికి తీసుకుపోయి, ఇరుసు మీద బరువు మోసే కమాను కట్టల్లో తలా రెండు ఉక్కు పట్టీలు అదనంగా వేయించాడు. బండి నాలుగు వేళ్ళు లేచింది. చిన్నాయన ఆరు వేళ్ళు లేచాడు.

టైర్లు మాత్రం మిలిటరీ నాటివే. మా తాత నెత్తికీ వాటికీ తేడా ఏమిటంటే, తాత నెత్తికి గాలి కొట్టనక్కరలేదు. వాటితో తడి నేల మీద పోవడం కుదరదని చిన్నాయన కూడా ఒప్పుకున్నాడు. కొత్తవి వేయించాల్సిన తొందర కూడా వచ్చింది.

ఆ ఎండాకాలమే మా అక్క పెళ్ళయింది. ఇచ్చింది ఇటిక్యాల అవతలి పల్లెకు. పెళ్ళయిన మొదటి ఏడు ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒక గడప దాటకూడదు కదా. అమావాస్య పోయి నెల పుట్టేలోగా పిల్లను పుట్టింటికి తెచ్చుకోవాలి. అమావాస్య నాడు ప్రయాణానికి మా అమ్మ ఒప్పదు కాబట్టి దానికి ముందు రోజే తేవాలి. తేకపోతే ఏమవుతుందని అడిగాను. "నోర్ముయ్" అంది అమ్మ. ఏమవుతుందో ఆమెకూ తెలియదన్నమాట.

ఎడ్లబండి కట్టుకుని పోదామంటే తొలకరి పడింది. ఊళ్ళో ఎడ్లన్నీ గొర్రుకు కట్టి ఉన్నాయి. విత్తనం వేళ ఎడ్లు అడిగినవాడికి నీళ్ళు కూడా పుట్టవు. పైగా చిన్నాయన పెళ్ళి పందిట్లోనే, అక్క అత్తగారి ఎదుట, నలుగురూ వింటుండగా ఒక మాట జారాడు: "ఆషాఢానికి నీ కోడల్ని మోటార్ల తీస్కపోత. బాట మీద గాదు, నీ ఇంటి ముంగట ఆపుత." ఆమె ఆ మాటను పల్లె అంతటికీ చెప్పుకుంది. ఇప్పుడు మోటారు గడప ముందుకు రాకపోతే పోయేది ఆమె మాట, చిన్నాయన మీసం. మధ్యలో మా అక్క మూట సర్దుకుని ఎదురుచూస్తున్నది.

గద్వాలలో టైర్లకు ఒకే దిక్కు, స్టేషను బాటలో పంక్చర్లు వేసే సాయెబు. ఆయన దగ్గర మన బండి రిములకు పట్టేవి రెండు రకాలున్నాయి. ఒకటి పాతదాని కన్నా ఒక్క నంబరు పెద్దది. రెండోది దానిమీద ఇంకా పెద్దది, లావుగా, లోతైన పళ్ళతో, చూస్తేనే ఎవరినో కొట్టబోతున్నట్టుండేది.

"ఒక్క నంబర్ పెద్దది చాలు సేటూ" అన్నాడు సాయెబు. "బండి జర లేచింది, టైరు గూడ జర లేవాలె. మస్తు లేస్తె పరేషాన్."

"ఎందుకు పరేషాన్?" అన్నాడు చిన్నాయన.

"అదంత తెల్వదు. నా మాట ఇను."

కారణం చెప్పలేని సలహాను మా వంశంలో ఎవరూ విన్న పాపాన పోలేదు. పైగా ఆ చిన్నవి చాలాకాలంగా అమ్ముడుపోక దుకాణంలో పడి ఉన్నాయని ఊరంతటికీ తెలుసు. సాయెబు సలహాలో జ్ఞానమెంతో, దుమ్ము దులుపుకోవడమెంతో ఈనాటికీ నేను తేల్చలేను.

చిన్నాయన తీర్పు కోసం వడ్లాయనను పిలిపించాడు. బండి చక్రాలు చేయడంలో ఆయన పేరు అలంపూరు దాకా వినబడుతుంది. ఆయన మోటారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు, పుల్లతో తట్టాడు, పురికొస తీసి ముందు చక్రం నడిమి నుంచి పైన రెక్కలా ఉన్న మడ్‌గార్డు దాకా కొలిచాడు. ఆ పురికొసతో పోయి పెద్ద టైరును కొలిచాడు.

"ఎడ్లబండి చక్రానికీ తొట్టికీ నడుమ మూడు వేళ్ళ సందుంటె రాజా లెక్క పోతది" అన్నాడు. "ఈ పెద్దది ఏస్తె నాలుగు వేళ్ళు మిగుల్తది. ఇంక ఏం గావాలె నీకు?"

"ఇన్నవార?" అన్నాడు చిన్నాయన నా వైపు తిరిగి.

"విన్న చిన్నాయనా. ఒక వేలు లాభం" అన్నాను.

మా చిన్నమ్మ అరుగు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతున్నది. తల ఎత్తకుండానే, "ఎడ్ల సంతల గూడ గింతే. కొమ్ములు చూసి కొంటడు, ఇంటికొచ్చినంక కుంటుతయి" అంది. మా ఇంట్లో భవిష్యత్తు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఆమెను ఎవరూ అడగరు.

సాయంత్రం సాయెబు మా దొడ్లోకే వచ్చి నాలుగు పెద్ద టైర్లు బిగించి, పాతవి మారకంలో తీసుకుని, తెల్లారి రాయచూరులో మేనకోడలి పెళ్ళి ఉందని దుకాణానికి తాళం వేసి పోయాడు. దొడ్లో తొట్టిబండి నిలబడ్డ తీరు చూస్తే నిజంగా ముచ్చటేసింది. నేను నవ్వడం మర్చిపోయానంటే చూడండి.

పొద్దున్నే కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అమ్మ హారతిచ్చి కళ్ళు తుడుచుకుంది. పిల్లను తేవడానికి ఆడమనిషి పోవాలి కాబట్టి చిన్నమ్మ ముందు గదిలో కూర్చుంది, నేను తొట్టిలో. దొడ్డి నుంచి బాట దాకా తిన్నగా పోయాం. నిమ్మకాయలు నలిగాయి. ఊరంతా చూసింది. కోట గోడ మూలన బాట ఎడమకు తిరిగింది. చిన్నాయన కూడా తిప్పాడు.

మేకను తొక్కితే వచ్చే కేక ఒకటి వచ్చింది. రబ్బరు మాడిన కంపు వచ్చింది. బండి మూల తిరగకుండా ఎదురుగా ఉన్న సజ్జల బస్తాల వైపు పోయి, దయతలచి ఆగింది.

దిగి చూశాం. చక్రం తిన్నగా ఉన్నంత వరకు వడ్లాయన చెప్పిన నాలుగు వేళ్ళూ అక్కడే ఉన్నాయి. పక్కకు తిప్పగానే టైరు మూల పోయి మడ్‌గార్డును కరిచి పట్టుకుంది. ఎడ్లబండి చక్రం పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ పక్కకు తిరగదు. ఎడ్లు తిరుగుతాయి, బండి వాటి వెంట పోతుంది. మోటారులో ముందు చక్రాలే ఎడ్లు, అవే చక్రాలు. ఈ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

వెంట నడుచుకుంటూ వచ్చిన వడ్లాయన ఏమాత్రం బెదరలేదు. "నా కొలత తప్పు గాదు. తిరిగేది ఎడ్ల పని. ఎడ్లేవి మరి?" అన్నాడు.

వెనక్కి తిరిగి వేరే టైర్లు వేద్దామంటే మంచివీ పాతవీ అన్నీ సాయెబు తాళం లోపల ఉన్నాయి. తాళంచెవి రాయచూరులో పెళ్ళిభోజనం చేస్తున్నది. రేపు అమావాస్య.

"ఇటిక్యాల బాట మస్తు తిన్నగ ఉంటది" అన్నాడు చిన్నాయన.

"యాడ?" అంది చిన్నమ్మ.

"శానా మటుకు."

మిగతా మటుకు ఎలా పోయామో చెప్తాను. చక్రం రెండు వేళ్ళ మేర తిరిగేది. కాబట్టి వంపు రాకముందే, దూరం నుంచే, పెద్ద పడవ మళ్ళినట్టు మళ్ళుకుంటూ రావాలి. అలా మళ్ళుతూ మేం బాట దిగి చేలలోకి పోయి, మళ్ళీ బాట ఎక్కాం. గొర్రు తోలుతున్నవాళ్ళు ఆగి చూశారు. ఒకాయన, "ఏమన్నా, నేల కొంటుండ్రా? హద్దులు చూస్తుండ్రు?" అని అరిచాడు. చిన్నాయన చూపు ముందుకే ఉంచాడు. జవాబు చెప్పడానికి తల తిప్పితే చేయి కూడా తిరుగుతుందేమోనని భయం. అయితే ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. నల్లరేగడిలో, వాగు ఇసుకలో ఆ టైర్లు ఎక్కడా దిగబడలేదు. తిన్నగా పోయినంతసేపు దేవుళ్ళలా పోయాయి.

పల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క అత్తగారిల్లు ఒక సందులో ఉంది. సందు మూల తిరిగితే నాలుగో గడప. ఆ మూల దగ్గర మేం ముందుకు పోయాం, వెనక్కి వచ్చాం, టైర్లతో మేక కేకలు పెట్టించాం, ఒక గోడ పెచ్చు రాల్చాం. పల్లె మొత్తం వచ్చి నిలబడింది. అక్క అత్త కొత్త చీర కట్టుకుని సందు మొదట్లోకి వచ్చింది.

"ఏందన్నా, గీడనే ఆగితివి? ఇంటి ముంగట ఆపుతనంటివి గద?"

"వస్తున్న చెల్లె. మోటరు జర అలిసింది."

చిన్నమ్మ కిందికి దిగి, "వదినె, పిల్లను గీడికే నడిపించరాదు? నాలుగు అంగలే గద" అంది.

"ఎట్ల నడిపిస్త వదినె? మోటరు గడప ముంగటికొస్తదని అందరికి చెప్పిన. నా కోడలు మూట నెత్తిన వెట్టుకొని నడుస్తె, ఎల్లగొట్టిందంటరు నన్ను."

నేను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాను. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. నిజం చెప్పాలంటే ఆ పూట మా అందరిలో మాటకు నిలబడ్డ మనిషి ఆమే.

అప్పుడు పల్లె తన తెలివి చూపించింది. ఇరుకు సందులో ఎడ్లబండి తిరగకపోతే నలుగురు కలిసి వెనక భాగం ఎత్తి పక్కకు పెడతారు. మా మోటారుకు పదిమంది వచ్చారు. తలపాగాలు బిగించి, తొట్టి కింద చేతులు పెట్టి, "హై" అన్నారు. వెనక చక్రాలు గాలిలో లేచాయి. బండి తోక పక్కకు జరిగింది. మళ్ళీ "హై". మూడో హైకి మూతి సందులోకి వచ్చింది. చిన్నాయన స్టీరింగ్ పట్టుకుని లోపలే కూర్చున్నాడు, అంతా తానే తిప్పుతున్నట్టు.

బండి గడప ముందు ఆగింది. అక్క అత్త కోడలి ఒడి నింపి, బొట్టు పెట్టి, సందంతా వినబడేటట్టు, "మోటర్ల జాగర్తమ్మా, మోటరు గట్టిగ పట్టుకో" అని మూడుసార్లు చెప్పింది. అక్క తొట్టిలో నా పక్కన కూర్చుంది. వెనక్కి నడిపి, పదిమందితో మళ్ళీ ఎత్తించుకుని, ఊరు దాటాం.

అక్క రెండు వంపులు ఓపిక పట్టింది. మూడో వంపు కోసం మేం ఎవరిదో సజ్జ చేను తొక్కుకుంటూ పోతుంటే ముందు గది మీద గట్టిగా చరిచింది.

"చిన్నాయనా, ఆపు. ఏం తగుల్తుంది గీడ?"

"టైరు పోయి మడ్‌గార్డుకు."

"అది బండికి అతికి పుట్టిందా, మరలతో బిగిచ్చిండ్రా?"

చిన్నాయన వంగి చూశాడు. "మరలే."

"మరి ఇప్పరాదు?"

చిన్నమ్మ సీటు కింద నుంచి పానా తీసి మొగుడి చేతికిచ్చింది.

ముందు మడ్‌గార్డులు రెండూ ఊడి తొట్టిలోకి వచ్చాయి. బండి కుందేలులా తిరగడం మొదలుపెట్టింది. చిన్నాయన ఈల వేశాడు. అంతలో వాన పడ్డ రేగడి వచ్చింది. మడ్‌గార్డులు దేవుడు ఎందుకు పుట్టించాడో మాకప్పుడు తెలిసింది. లోతైన పళ్ళున్న ఆ టైర్లు బురదను ముద్దలుగా తీసి, గుప్పిళ్ళకొద్దీ ఆకాశంలోకి విసిరి, మా మీదికే దించాయి. అక్క పట్టుచీర, ఒడిబియ్యం, నా నోరు, అన్నీ ఒకే రంగయ్యాయి. నా నోరు తెరిచి ఉండడం నా తప్పే, నవ్వుతున్నాను.

దీపాల వేళకు మా వాకిట్లో ఆగాం. అమ్మ హారతి పళ్ళెంతో వచ్చి, తొట్టిలో ఉన్న రెండు మట్టి ముద్దలను మార్చి మార్చి చూసింది.

"ఏది నా బిడ్డ?"

"ఎడమ దిక్కుది" అన్నాను.

అక్క దిగి అమ్మను కౌగిలించుకుంది. అమ్మ చీర కూడా పోయింది. కానీ అమావాస్య ఇంకా రాలేదు.

ఆషాఢమంతా అక్క మా ఇంట్లో ఉంది. తిరిగి పోయే వేళకు ఒకటే మాట చెప్పింది: "సాయెబు చెప్పిన టైర్లు వేస్తె ఎక్కుత. లేకుంటె ఈడనే ఉంట." చిన్నాయన గొణిగాడు, తన లెక్కలు చెప్పబోయాడు, చివరికి సాయెబు దగ్గరికి పోయాడు. ఆయన చెప్పిన టైర్లు వేయించి, మడ్‌గార్డులు తిరిగి బిగించాడు. ఈసారి పురికొస లేదు. మమ్మల్నందరినీ తొట్టిలో ఎక్కించి బరువు పెట్టి, స్టీరింగును ముందు ఒక పక్కకు, తర్వాత రెండో పక్కకు చివరిదాకా తిప్పి, రెండుసార్లూ కింద పడుకుని సందులో వేళ్ళు పెట్టి చూశాడు. వేళ్ళు నలగలేదు. ఒక్క నంబరు పెద్దది చాలింది. సాయెబు, "నేను జెప్పలే?" అన్నాడు. ఆయనకూ అప్పుడే తెలిసిందని నా అనుమానం. పెద్ద టైర్లలో రెండింటిని వడ్లాయన తన ఎడ్లబండికి ఎట్లాగో తగిలించుకున్నాడు. సందు సరిగ్గా మూడు వేళ్ళు. ఊరందరినీ పిలిచి చూపించాడు.

శ్రావణంలో అక్కను దింపడానికి పోయేసరికి ఆ సందు మూలన పదిమందీ తలపాగాలు బిగించి నిలబడి ఉన్నారు. అక్క అత్త వాళ్ళకు ముందుగానే కబురు పెట్టి, కల్లు కూడా పోయించింది. తొట్టిబండి వచ్చి, మడ్‌గార్డులతో సహా, చప్పుడు లేకుండా మూల తిరిగి గడప ముందు ఆగింది. పదిమందీ దాని వెనక నడిచి వచ్చి, చేతులు ఏం చేసుకోవాలో తెలియక నిలబడ్డారు.

"ఏందన్నా, అదే తిరిగె?" అన్నాడు ఒకాయన, అన్యాయం జరిగినట్టు.

చిన్నాయన ముఖం వెలిగింది. అక్క దిగి మూట తీసుకుంది. వాళ్ళలో పెద్దాయన తలపాగా సవరించుకుని, "గింత దూరం వచ్చినం, కల్లు గూడ తాగినం. ఊకె ఎట్ల పోతం? జర ఎత్తుదాం" అన్నాడు.

చిన్నాయన లోపల కూర్చుని ఉండగానే ఎత్తారు.