పైడయ్య మావ పాటలో ఖాళీలు

ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో మూడో వంతు తీసేసి చదువుకోండి. మా ఇంట్లో కూరలో ఉప్పు తగ్గినా నేను చెప్పేసరికి సముద్రాలు ఎండిపోయి ఉంటాయి. ఈ పొద్దున మా ఉక్కు కార్ఖానా ఊళ్ళో, బిష్టుపూర్‌లో ఒక బ్యాంకు ముందు క్రేను జనరేటర్ని ఎత్తుతోంది. కుయ్ కుయ్‌మని దాని హెచ్చరిక కూత తప్ప మనిషి గొంతన్నది లేదు. పనివాళ్ళు నలుగురూ జేబుల్లో చేతులు పెట్టుకుని చూస్తున్నారు. ఆటోవాడు రెండుసార్లు పిలిచినా నేను కదల్లేకపోయాను. పైడయ్య మావ ఉండి ఉంటే ఆ క్రేను సిగ్గుతో తలొంచుకుని వెళ్ళిపోయేది.

మావది గోల్‌మురిలో మా పక్క క్వార్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కార్ఖానాలో ఖలాసీల ముఠాకి మేస్త్రీ అయ్యాడు. క్రేను దూరలేని సందుల్లో తాళ్ళు, కప్పీలు, భుజాలతో యంత్రాలను కదిలించేవాళ్ళు ఖలాసీలు. మావ తాడు పట్టడు, పాట అందుకుంటాడు. ఆ పాటకి బాయిలర్లు లేచి నడిచొచ్చేవి. ఒక పండగనాడు ఆయన మా వీధిలో సరదాగా గొంతెత్తితే ఊరవతల గోవింద్‌పూర్‌లో ఆగి ఉన్న లారీ బారెడు ముందుకు జరిగిందని నేను ఇప్పటికీ చెబుతుంటాను. చిన్నప్పుడు నాకు మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయేవి. బళ్ళో అందరూ నవ్వేవారు. మావ నన్ను తన గడప మీద కూర్చోబెట్టుకుని, "మాటకీ మాటకీ మద్దెన ఊపిరి తియ్యరా అల్లుడా, నీ మాట ఎవుడూ ఎత్తుకుపోడు" అనేవాడు. ఇవాళ నేను నలుగురిని నవ్వించి బతుకుతున్నానంటే ఆ ఊపిరి ఆయన పెట్టిందే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మావ గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌కి పది రోజులుందనగా మా ఇంటికొచ్చాడు.

"అల్లుడా, నీ కంపూటర్లో పాట పట్టగలవేటి?"

"ఏం మావా, సినిమాల్లోకి పోతావా?"

"పోతే నీకేటిరా కుళ్ళు? నా తరవాత ముఠాకి పాట ఉండాల. సీడీ ఏసుకుని లాగుతారు. గొంతు పోతే పోయింది, బరువు ఆగకూడదు గదా."

ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలో, పాటలు రికార్డు చేసి కత్తిరించుకునే సాఫ్ట్‌వేర్లు అరడజను ఉన్నాయి. పది రోజుల్లో తొమ్మిది నాకు వాటి పెళ్ళిచూపులతోనే గడిచిపోయాయి. చివరికి రెండు మిగిలాయి. ఒకటి బూడిదరంగుది. ఎన్ని కోతలు కోసినా అసలు రికార్డింగును ముట్టుకోకుండా భద్రంగా ఉంచుతుంది, కానీ నా హార్డ్ డిస్కులో సగం మింగేస్తుంది. రెండోది ఆకుపచ్చ అలలతో మిలమిలలాడుతుంది, చోటు తక్కువ చాలు. సేవ్ నొక్కితే మాత్రం పాతదాన్ని చెరిపేసి దాని మీదే కొత్తది రాస్తుంది. నేను రంగు చూసి చేసుకున్నాను.

పదో రోజున మైకు ముందు మావకి పాట రాలేదు. "ఊరికే నిలబడి పాడితే పాటేటిరా, అడుక్కోడం. ఏదో ఒకటి లాగించు" అన్నాడు. మా అమ్మ బీరువాకి తాడు కట్టాం. ముఠా మొత్తం నేనే.

"కొండ కదిలిందా?" అని మావ.

"ఐసా!" అని నేను.

"కోడలు నవ్విందా?"

"ఐసా!"

ప్రతి ఐసా తరువాతా మావ చెయ్యి పైకెత్తి, తాడు వైపే చూస్తూ ఊరుకునేవాడు. ఆయన కళ్ళకి అక్కడున్నది బీరువా కాదు. దూలమైతే కాసేపు, మోటారైతే ఇంకాసేపు, ఆ బరువు కదిలి ఆగేదాకా చెయ్యి దించేవాడు కాదు. అలా నలభై నిమిషాలు. బీరువా వంటింటి దాకా వెళ్ళిపోయింది.

"ఒరే, అది మా నాన్నిచ్చిన బీరువారా! గోడ కూలితే నీ కంప్యూటరు కట్టిత్తదా?" అని అమ్మ కేకలేసింది.

"ఇంకొక్క పాట సెల్లెమ్మా," అన్నాడు మావ. "రేపట్నించి నన్ను ఆపే పని నీకుండదులే."

ఆయన ఆసుపత్రిలో ఉండగా నేను పాటకి మెరుగులు దిద్దాను. చప్పుడు లేని చోట్లన్నిటినీ ఒక్క దెబ్బతో తీసేసే మీట ఒకటుంది ఆ సాఫ్ట్‌వేర్లో. ఫ్యాను రొద తప్ప ఏమీ లేని జాగా దండగ కదా అనుకుని నొక్కాను. సేవ్ కూడా నొక్కాను. నలభై నిమిషాలు పదకొండయ్యాయి. మహా పని చేసినవాడిలా సీడీ తీసుకెళ్ళి ముఠాకి ఇచ్చాను. మర్నాడే ముఠాలో ఒకతను దాన్ని తిరిగి తెచ్చాడు.

"ఏటి భయ్యా ఇది? పిలుపు మీద పిలుపు. ఖీంచే కబ్? ఎప్పుడు లాగాల? లాగడానికి జాగా ఏది? మోటారు జారి మా కాళ్ళ మీద పడేది."

మావకి చెప్పొద్దని అతన్ని బతిమాలుకున్నాను. మావ ఇంటికొచ్చాక ఒక సాయంత్రం ధైర్యం చేసి నేనే వినిపించాను. మెడకి గుడ్డ చుట్టుకుని మొత్తం విన్నాడు. చప్పుడు లేకుండా నవ్వాడు. పోనీలే అన్నట్టు నా వీపు తట్టాడు.

బీరువా జరిగింది జానెడే. లారీ సంగతి మీకు తెలుసు. అవి నా అలవాటు కొద్దీ సాగదీసినవి. నేను అచ్చంగా కల్పించింది మాత్రం ఆ సాయంత్రమే. మావకి నేను పాట వినిపించనే లేదు. వేలితో గాలిలో గుండ్రంగా గీసి సీడీ ఏదని ఆయన అడిగిన ప్రతిసారీ, "కంప్యూటర్ చెడిపోయింది మావా" అన్నాను. రెండేళ్ళు అడిగాడు. ఆ తరువాత అడగడం మానేశాడు. ఆ తరువాత పోయాడు.

ఆ పదకొండు నిమిషాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. ఖాళీలు తిరిగి పెడదామని అప్పుడప్పుడూ కూర్చుంటాను. మొదటి ఐసా తరువాత ఎంతసేపు ఊరుకున్నాడు? రెండు క్షణాలా, పదా? పోయింది ఆయన గొంతే గాని చెయ్యి కాదు. పక్కన కూర్చోబెట్టుకుని వినిపించి ఉంటే, ఇక్కడ ఇంత, అక్కడ అంత అని ఆ చేత్తోనే చూపించి ఉండేవాడు.