అత్తయ్యగారి మొదటి మాట

పోయిన నెలలో ఒక గురువారం పొద్దున మా అత్తయ్యగారు కన్నుమూశారు. కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని గదిలోకి వెళ్లారు. మళ్లీ లేవలేదు. డెబ్బై నాలుగేళ్లు. ఎవరిచేతా ఒక్క పూట కూడా చేయించుకోకుండా వెళ్లిపోయారని పలకరించడానికి వచ్చినవాళ్లందరూ అన్నారు. నిజమే. కానీ ఆవిడను తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు నవ్వొస్తుంది. ఎందుకో చెబుదామనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను కార్ల మెకానిక్‌ని. విజయవాడ పక్కన కానూరులో మా ఇంటి ముందే రేకుల షెడ్డు. అత్తయ్యగారిది పెడన. మావయ్యగారు మగ్గం నేసేవారు, ఆవిడ పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేవారు. పాతకాలపు మర్యాద మనిషి. అల్లుడి ఎదుట కూర్చోరు, అల్లుడితో నేరుగా మాట్లాడరు. నేను పెడన వెళ్తే తలుపు చాటున నిలబడి, "అమ్మాయ్, అల్లుడుగారు ఇంకో గారె వేసుకుంటారేమో అడుగు" అనేవారు. నేను రెండడుగుల దూరంలోనే ఉండేవాణ్ణి. నేనూ తక్కువ తినలేదు. "చాలని చెప్పు" అనేవాణ్ణి. మధ్యలో నా భార్య, "ఇద్దరికీ చెవులు బాగానే పనిచేస్తున్నాయిగా" అని విసుక్కునేది. పన్నెండేళ్లు ఇలాగే గడిచాయి.

మావయ్యగారు పోయాక ఆవిడను మా ఇంటికి తెచ్చుకున్నాం. అప్పుడొచ్చింది చిక్కు. నా భార్య స్కూల్లో టీచరు. ఎనిమిదింటికి వెళ్తే సాయంత్రానికి గానీ రాదు. పగలంతా ఇంట్లో ఆవిడ, షెడ్డులో నేను. కబురు మోయడానికి మనిషి లేదు. అన్నం వేళకు ఆవిడ గుమ్మంలోకి వచ్చి స్టీలు గ్లాసు మీద గరిటెతో రెండుసార్లు కొట్టేవారు. అదే పిలుపు. నేను చేతులు కడుక్కుని వెళ్లేసరికి కంచంలో వడ్డించి ఉండేది, ఆవిడ వంటింట్లో ఉండేవారు.

ఆ రోజుల్లోనే వన్‌టౌన్‌లో బట్టల కొట్టున్న ఒక షావుకారుగారు తన కారు తెచ్చారు. ఇంజను నుంచి వేడి పొగను బయటికి తీసుకుపోయే ఇనుప గొట్టాలు పగిలి, కారు ఆటోలా మోత మోగుతోంది. ఆ గొట్టాల సెట్టునే హెడర్లు అంటాం. కొత్త హెడర్లు ఆయనే తెప్పించుకున్నారు. "ఎల్లుండి పొద్దున్నే గుడివాడలో మా అమ్మాయి నిశ్చితార్థమండీ. ఈ మోత వేసుకుని వియ్యాలవారి వాకిట్లో దిగలేను. మీరే గట్టెక్కించాలి" అన్నారు. నేను పెద్ద వర్క్‌షాపులో ఉద్యోగం మానేసి సొంతంగా షెడ్డు పెట్టిన కొత్త. ఇలాంటి పెద్ద పని చేతికి రావడం అదే మొదలు. చేసి చూపిస్తే నలుగురికీ తెలుస్తుంది. చెడగొట్టినా అంతే.

అడ్డున్న బోల్టులన్నీ తేలిగ్గానే ఊడాయి గానీ, పాత హెడర్లలో బిగించి ఉన్న ఆక్సిజన్ సెన్సర్ దగ్గర ఆగిపోయాను. పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసి ఇంజనుకు చెప్పేది అది. బొటనవేలంత ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి మరలు తుప్పుపట్టి పట్టేసింది. అది విరిగితే కొత్తది చెన్నై నుంచి రావడానికి నాలుగు రోజులన్నారు. కాబట్టి పాతదాన్నే పదిలంగా తీసి కొత్త హెడర్లకు పెట్టాలి. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి నానబెట్టాను. పొద్దున ఇంజను కాసేపు తిప్పి వేడి చేశాను. పక్కన చీలిక ఉండే సెన్సర్ సాకెట్ పెట్టి తిప్పాను. కదల్లేదు. సెన్సర్ ఊడితే గానీ హెడర్లు బయటికి రావు. అది ఇంజను వెనకవైపు ఉంది, నేరుగా కనిపించదు. ఇంట్లోంచి అత్తయ్యగారి చేతి అద్దం తెచ్చి వెనక నిలబెట్టి, అందులో చూస్తూ తిప్పాను. ఒక గంట తిప్పాను. చేతులు బొబ్బలెక్కాయి. సెన్సర్‌కి పానా పట్టే అంచులు అరగడం మొదలైంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మూలనున్న మూడడుగుల ఇనుప గొట్టం తెచ్చి పానా పిడికి తొడిగాను. దాని మీద బరువు వేస్తే ఊడటమో, విరగటమో తేలిపోవాలి.

"ఆగండి."

తల తిప్పి చూశాను. అత్తయ్యగారు షెడ్డు మధ్యలో నిలబడి ఉన్నారు. కొంగు భుజాల చుట్టూ బిగించి, నేల వైపు చూస్తున్నారు. గుమ్మం దాటి ఎప్పుడొచ్చారో నాకు తెలియదు.

"అది విరుగుద్దండీ. మీరు బిగిస్తున్నారు" అన్నారు.

"బిగిస్తున్నానా?"

"పొద్దుట్నుంచీ కిటికీలోంచి చూస్తన్నాను. మిగతా బోల్టులన్నీ కళ్లతో చూసి తీశారు, ఊడినయ్యి. దీన్ని అద్దంలో చూసి తిప్పుతున్నారు. అద్దంలో అటుది ఇటు అవుద్ది కదండీ. పాపిడి తీసుకునేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ తప్పే పోద్ది."

పన్నెండేళ్లలో ఆవిడ నాతో నేరుగా అన్న మొదటి మాటలు అవి. నేను అద్దం వంక చూశాను, నా చెయ్యి వంక చూశాను. గంట నుంచీ ఆ సెన్సర్‌ని శక్తికొద్దీ బిగిస్తున్నాను. ఇరవై ఏళ్ల అనుభవం నాది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"అమ్మాయి వచ్చాక చెప్పిద్దామనుకున్నానండీ. మీరు ఆ గొట్టం తెచ్చేసరికి ఇంక ఆగలేకపోయాను" అన్నారావిడ, తప్పు చేసినట్టు.

"పొద్దున్నే చెప్పాల్సింది అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ లోపలికి వెళ్లి పెద్ద గ్లాసుతో మజ్జిగ తెచ్చి బెంచీ మీద పెట్టారు. "బుర్ర వేడిగా ఉన్నప్పుడు పానా పట్టుకోకండి" అన్నారు. తాగాను. గొట్టం తీసి అవతల పెట్టాను. గ్యాస్ మంటతో సెన్సర్ చుట్టూ ఉన్న ఇనుమును ఎర్రబడేదాకా కాల్చి, అద్దం పక్కన పెట్టి, రెండోవైపు తిప్పాను. కిర్రుమంది. ఆ చప్పుడు వినగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది కూడా మొదటిసారే. అక్కణ్ణుంచి తొందరపడలేదు. ఒక వీసం విప్పడం, నూనె చుక్క వేయడం, కాస్త వెనక్కి తిప్పడం, మళ్లీ విప్పడం. అరగంటకు సెన్సర్ మరలు చెడకుండా నా చేతిలోకి వచ్చింది. మరలు శుభ్రం చేసి, మళ్లీ వేడికి పట్టేయకుండా వాటికి పేస్టు రాసి, అది సెన్సర్ కొనకు అంటకుండా చూసి, కొత్త హెడర్లకు బిగించాను. సాయంత్రం షావుకారుగారు కారు స్టార్ట్ చేసి, మోత లేకపోయేసరికి స్టార్ట్ అవలేదేమో అనుకుని మళ్లీ తాళం తిప్పబోయారు.

మర్నాటి నుంచి ఆవిడకు షెడ్డులో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాను. మొదట్లో అంచు మీదే కూర్చునేవారు. నెల తిరిగేసరికి కాళ్లు మడిచి పైన పెట్టుకుని కూర్చుంటున్నారు. సెన్సర్‌కి "ముక్కు" అని పేరు పెట్టారు, పొగ వాసన చూస్తుంది కాబట్టి. నేను వైర్లు విప్పుతుంటే కలిసిపోకుండా ఒక్కోదానికి ఒక్కో రంగు దారం కట్టేవారు. కస్టమర్లు వింతగా చూసేవారు. నేనైతే దారం లేకుండా వైరు విప్పడం మానేశాను.

అన్నీ సవ్యంగా సాగాయని కాదు. ఒకరోజు నేను బెంచీ మీద తీసి పెట్టిన సెన్సర్ మసిపట్టి ఉందని, దాన్ని చింతపండు పెట్టి రాగి చెంబు తోమినట్టు తోమి, ఎండలో ఆరబెట్టారు. తళతళ మెరుస్తోంది. లోపలికి నీళ్లు పోయాయి, ఇంక పనికిరాదు. నా మొహం చూసి గ్రహించారు. రెండు రోజులు మళ్లీ తలుపు చాటే. "అమ్మాయ్, అల్లుడుగారికి కోపమొచ్చిందేమో కనుక్కో" అని వినిపించింది. ఇంత అలవాటయ్యాక మళ్లీ చాటు కబుర్లు పంపుకోవడం నా వల్ల కాలేదు. గుమ్మం దగ్గరికి వెళ్లి, "అత్తయ్యగారూ, మనిషి ముక్కునైనా చింతపండుతో తోముతారా?" అన్నాను. లోపల్నుంచి నవ్వు. ఆవిడ గట్టిగా నవ్వగా వినడం అదే మొదలు. ఆ తర్వాత చాలాసార్లు విన్నాను.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో పెద్ద ఆడమనిషి తిట్టడం, మెచ్చుకోవడం, అన్నం తినమని తరమడం ఎలా ఉంటాయో నాకు నలభై దాటాక తెలిసింది. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. అని ఉంటే మళ్లీ నేల చూపులే చూసేవారు.

మొన్న వేసవిలో ఆవిడను కారులో పెడన తీసుకెళ్లి తీసుకొస్తున్నాను. మేమిద్దరమే. వెనక కూర్చుంటే కళ్లు తిరుగుతున్నాయని ముందు సీటులోకి వచ్చారు. దారిలో కొన్న జామకాయలు ఒళ్లో పోసుకుని, కిటికీ అద్దం పూర్తిగా దించమన్నారు. రెండువైపులా కోసిన చేలు, ఎండు గడ్డి వాసన. మా ముందు ఒక బస్సు మెల్లగా పోతోంది.

"దాటెయ్యండి, ఎదర ఖాళీయే" అన్నారు.

దాటబోయాను. పక్కకు రాగానే బస్సు డ్రైవరు కిందికి చూశాడు. అత్తయ్యగారు చెదిరిన జుట్టుతో, సగం కొరికిన జామకాయ పట్టుకున్న చేత్తోనే, అతనికి టాటా చెప్పారు.