పిండికొండ మీద ఏప్రిల్

దమాసో ఎలోర్దీ నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అనేది. అది శుద్ధ తప్పు. గొర్రెలతో మాట్లాడేవాడు, కుక్కతో మాట్లాడేవాడు, అన్నిటికంటే ఎక్కువగా ఆ కొండతో మాట్లాడేవాడు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాటలు అయిపోయేవి, అంతే.

పంతొమ్మిదో ఏట, 1909లో, స్పెయిన్ ఉత్తరాన వాన తెరిపివ్వని బాస్క్ పల్లె వదిలి ఓడెక్కాడు. అమెరికాలో, ఆరెగన్ తూర్పున ఉన్న ఎండు కొండల్లో గొర్రెలు కాసే పనికి కుదిరాడు. మొదట్లో ఇంటి మీద బెంగతో అన్నం సయించేది కాదు. నాలుగైదేళ్లకు ఆ బెంగ ఇల్లు మారింది. ఉత్తరం వైపు మొగం పెట్టిన ఒక కొండవాలు మీదికి చేరి, అక్కడే పాతుకుపోయింది. చలికాలమంతా దిగువ ఉప్పుపొదల్లో మందను మేపుతూ, వేసవి ఎప్పుడొస్తుందా, పైకి ఎప్పుడెక్కుతానా అని రోజులు లెక్కపెట్టేవాడు. మ్యాపులో ఆ కొండకు ఒక అంకె తప్ప పేరు లేదు. దమాసో దాన్ని పిండికొండ అనేవాడు.

ఆ పేరు ఊరికే పెట్టలేదు. వేల ఏళ్ల కిందట పడమటి దిక్కున ఒక కొండ పేలి, ఈ సీమంతా బూడిద కురిసిందట. ఎండ మొగం వాలుల మీద పడిన బూడిదను గాలీ వానా ఊడ్చుకుపోయాయి, అక్కడ రాళ్లే మిగిలాయి. ఉత్తరపు వాలు మీద పడింది మాత్రం నిలిచిపోయింది. పైన జానెడు గోధుమరంగు మట్టి, దాని కింద మూరెడు లోతు తెల్లటి బూడిద, ఆ కింద గునపం దిగని గట్టిపొర. ఎండితే జల్లెడ పట్టిన పిండే. కాలు వేస్తే చీలమండ దాకా దిగేది. చలికాలపు మంచు కరిగితే ఆ నీళ్లన్నీ తాగి, కడుపులో దాచుకునేది. చుట్టుపక్కల కొండలు జూన్‌కే పసుపెక్కిపోతే, ఇక్కడి కుచ్చుగడ్డి జూలై నడిమికి కూడా పచ్చగా ఉండేది.

ఆ మంచితనమే దాని ప్రాణం మీదికి తెచ్చేది. ఏప్రిల్‌లో పైకి పొడిగా కనిపిస్తుంది, లోపలంతా నానిన పిండి. డెక్క పడితే మట్టి అణిగిపోతుంది, అణిగింది మళ్లీ పొంగదు. గడ్డి కుచ్చుల మధ్య పాకిన నల్లటి పాచిపొర చిట్లిపోతుంది. ఇక ఎండాకాలపు గాలికి బూడిదను ఆపేది ఏదీ ఉండదు.

ఈ సంగతి దమాసోకు ఎవరూ చెప్పలేదు. చేతులు కాల్చుకుని నేర్చుకున్నాడు. వచ్చిన మొదటి ఏప్రిల్‌లోనే, పచ్చదనం చూసి మురిసిపోయి, యజమాని గొర్రెలు రెండువేలు కొండ భుజం మీదికి ఎక్కించాడు. మూడు రోజులు మేపాడు. ఆ భుజం మీద మళ్లీ కుచ్చుగడ్డి పుట్టలేదు. తర్వాత ఏటేటా పక్క వాలులో గింజలు దూసి తెచ్చి అక్కడ చల్లేవాడు. మొలిచేవి కూడా. చలికాలం రాగానే మట్టిలో తడి సూదుల్లా గడ్డకట్టి, మొలకల్ని వేళ్లతో సహా పైకెత్తి పారేసేది. వసంతంలో వాటిని చూసి దమాసో టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడేవాడు. సిగ్గుతో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత్తర్వాత సొంత మంద కూడబెట్టాడు, తొమ్మిదివందల గొర్రెలు. కొండ కింద నలభై ఎకరాలూ ఒక నీటి ఊటా కొన్నాడు. పైకి ఎక్కించే ముందు గుప్పెడు మట్టి తీసి పిసికేవాడు. తడి ముద్దగా వేళ్ల మధ్య నుంచి జారిందా, మంద కిందే. గడ్డి గింజ రాలాకే ఎక్కించేవాడు, ఆ గింజను డెక్కలే మట్టిలో నాటాలని. ఒక రాత్రి మంద పెట్టిన చోట ఆ ఏడు మళ్లీ పెట్టేవాడు కాదు.

చలికాలంలో పని సందు దొరికితే ఊళ్లో బిబియానా భోజనం హోటల్లో దిగేవాడు. బిబియానా కూడా బాస్క్ మనిషే, విధవరాలు, అతని కంటే పదేళ్లు పెద్ద. ఆవిడ నోటికి హద్దే లేదు.

"ఏరా దమాసో, ఆ కొండ వేలికో ఉంగరం తొడిగెయ్యరాదూ? పెళ్లి భోజనాలు నేను పెడతాగా!"

"అది ఒప్పుకోవాలి కదక్కా."

"నీ మొహం చూసి ఏ కొండ ఒప్పుకుంటుందిలే. గడ్డమన్నా గీసుకో ముందు."

1935లో కొత్త చట్టం అమల్లోకొచ్చింది. కంచె లేని సర్కారు కొండల మీద మేత ఇక కాగితం ఉన్నవాడిదే. కాగితం కావాలంటే దగ్గర్లో సొంత భూమీ నీళ్లూ ఉండాలి, పైగా ఆ కొండ మీద ముందునుంచీ మేపుతున్నట్టు రుజువు చూపించాలి. దమాసోకు నలభై ఎకరాలున్నాయి, ఊట ఉంది. కానీ అదే కొండ కావాలని ఆవుల ఆసామి లెలాండ్ హస్కిన్స్ కూడా అర్జీ పెట్టాడు. ఎవరు మేపారో తేల్చడానికి జూన్‌లో ప్రెంటిస్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. దమాసోకు ఇంగ్లిష్ అంతంతమాత్రం, అందుకని బిబియానా గాడిదెక్కి, దారి పొడుగునా దాన్ని తిడుతూ, దుబాసీగా వచ్చింది.

ప్రెంటిస్ గడ్డిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఇంత చక్కటి గడ్డి నేనెక్కడా చూడలేదమ్మా. మంద నడిచిన దారి లేదు, మంద పెట్టిన మచ్చ లేదు. ఇక్కడ ఎవరూ మేపినట్టే లేదే?"

"గడ్డి బాగుందట. ఎవరూ మేపలేదేమో అంటున్నాడు, వెర్రిబాగులాడు."

దమాసో మొహం వెలిగిపోయింది. పాతికేళ్ల కష్టాన్ని ఒక చదువుకున్నవాడు మెచ్చుకుంటున్నాడు! "చెప్పక్కా. గింజ రాలాకే తోలుకొస్తానని చెప్పు. పడుకున్న చోట మళ్లీ పడుకోబెట్టనని చెప్పు."

ఆవిడ చెప్పింది. గుర్రం మీంచి హస్కిన్స్ నవ్వాడు. "ఇంత మేతను చూస్తూ వదిలేసే కాపరి ఎక్కడైనా ఉంటాడా, దొరా?"

"మాట మీద నేనేం రాయలేనమ్మా, గుర్తు కావాలి," అన్నాడు ప్రెంటిస్, ఇబ్బందిగా.

నడుచుకుంటూ కొండ భుజం మీదికొచ్చారు. బోడి నేల, అక్కడక్కడా పనికిరాని కలుపు. ప్రెంటిస్ ఆగి, నేలను బూటుతో తట్టాడు. "ఇదిగో, ఇక్కడ మేపారు. గట్టిగానే మేపారు. ఇది ఎవరి మంద?"

"ఇది ఎవరి మంద పని అని అడుగుతున్నాడురా," అంది బిబియానా.

పాతికేళ్లుగా ఏ ప్రశ్న వినాల్సి వస్తుందోనని భయపడ్డాడో అదే ప్రశ్న. కొండను ఇలా పాడుచేసినవాడికి మళ్లీ కొండను చేతికిస్తారా ఎవరైనా? బిబియానా కోసం కూడా ఆగలేదు. తనకొచ్చిన ఇంగ్లిష్‌లోనే అనేశాడు.

"నాట్ మైన్."

"నాది," అన్నాడు హస్కిన్స్ వెంటనే. "నా ఆవులే. ఎన్నో ఏళ్ల నుంచి."

అది పచ్చి అబద్ధం. దమాసోది కూడా అబద్ధమే, బతుకులో ఆడిన ఒకే ఒక్కటి. ప్రెంటిస్ ఇద్దరి మాటా పుస్తకంలో రాసుకున్నాడు.

దిగేటప్పుడు బిబియానా వదల్లేదు. "నీది కాకపోతే కాదను, ఎవరొద్దన్నారు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆ మొహమేంట్రా?" దమాసో కుక్కను పిలుస్తున్నట్టు నటించి ముందుకెళ్లిపోయాడు.

కొండ హస్కిన్స్‌కు పోయింది. నలభై ఎకరాల మీద తొమ్మిదివందల గొర్రెలు ఎన్నాళ్లు బతుకుతాయి? ఆ చలికాలం రాకముందే మందను అమ్మేశాడు. బిబియానా దొడ్లో కట్టెలు కొట్టే పనికి కుదిరాడు. దొడ్లోంచి చూస్తే దూరంగా పిండికొండ నీలంగా కనబడేది. గొడ్డలి ఎత్తి, దించడం మరిచిపోయి చూసేవాడు. మొద్దు మీద కూర్చుని, ఈపాటికి ఏ వంపులో మంచు కరుగుతుందో, ఏ కుచ్చు మొదట చిగురేస్తుందో తనలో తాను చెప్పుకునేవాడు. తన పల్లె కోసం కూడా ఇంతగా ఏడవలేదు.

ఏప్రిల్‌లో కొండ మీద చుక్కలు కదిలాయి. ఆవులు. దమాసో గొడ్డలి అక్కడే పారేసి రోజంతా నడిచి వెళ్లాడు. కొత్త కంచె అవతల నుంచి చెయ్యి దూర్చి గుప్పెడు మట్టి పిసికాడు. వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. హస్కిన్స్ కనబడితే మట్టి చెయ్యి చూపించి, రెండు చేతులూ జోడించాడు. "పచ్చగానే ఉందిగా ముసలాయనా, ఇంకెందుకు ఆగడం?" అని హస్కిన్స్ గుర్రం తిప్పుకున్నాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఊరి మీద తెల్లటి దుమ్ము దిగింది. బిబియానా అప్పుడే ఆరేసిన దుప్పట్లన్నీ బూడిదరంగయ్యాయి.

"ఎవడ్రా నా బట్టల మీద పిండి చల్లింది? వాడి చేతులు పడిపోనూ!"

దమాసో వచ్చి, దుప్పటి మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాడు. మెత్తగా ఉండి, పళ్ల కింద గాజుపొడిలా కరకరలాడింది. అలాగే బట్టల తీగ కింద చతికిలబడి, నలభై ఆరేళ్ల మగాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నా కొండక్కా ఇది. లేచొచ్చేస్తోంది."

అప్పుడు చెప్పాడు, మొదటి ఏప్రిల్ సంగతంతా. బిబియానా దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఆఫీసుకెళ్దాం రా అక్కా," అన్నాడు. "నాకేం కొండ ఇవ్వక్కర్లేదు. ఏప్రిల్ దెబ్బ ఎలాంటిదో తెలిసింది నాకొక్కడికే. నన్ను జైల్లో పెట్టినా సరే, ఆ ఆవుల్ని మాత్రం ఆపమందాం."

మర్నాడు పొద్దున్నే ప్రెంటిస్ బల్ల ముందు నిలబడ్డారు. దమాసో టోపీ గుండెకు అదుముకుని మాట్లాడాడు, బిబియానా ఒక్కో మాటా ఇంగ్లిష్‌లో అప్పజెప్పింది. ఆ మచ్చ తనదేనని, మూడంటే మూడు రోజులేనని, ఇరవయ్యారేళ్లయినా మానలేదని. గింజ రాలేదాకా ఆవుల్ని కిందే ఉంచమని.

ప్రెంటిస్ కలం కింద పెట్టాడు.

"రాసుకున్నానమ్మా. వచ్చే ఏడు మేత తేదీ వెనక్కి జరపమని గట్టిగా అడుగుతాను." తర్వాత గొంతు తగ్గించాడు. "ఆ రోజు నాకు కావలసింది మేపిన గుర్తు ఒక్కటే. అది నాదేనని ఆయన ఒక్క మాట అనుంటే, ఆ కొండ ఆయనకే రాసేవాణ్ని."

బిబియానా దమాసో వైపు తిరిగింది.

"తేదీ జరిపిస్తానంటున్నాడురా."

"ఇంకేదో అన్నాడు కదక్కా?"

"ఏముంది, వానల సంగతి. ఈ ఏడు వానలే లేవని."

ఇరవయ్యారేళ్లు ఈ దేశంలో బతికినవాడికి అంతమాత్రం ఇంగ్లిష్ అర్థం కాకపోదు. ఆ ఒక్క మాట గుండెలో దిగబడి నిలిచిపోయింది. ఎదురుగా బిబియానా చేతులు తలగుడ్డ అంచును మెలిపెడుతూనే ఉన్నాయి. ఏడిస్తే తనకు తెలిసిపోయిందని ఆవిడకు తెలిసిపోతుంది.

"పడితే బాగుణ్ణక్కా," అన్నాడు. "ఒక్క వాన పడి, ఆ దుమ్మంతా అణిగితే బాగుణ్ణు."

టోపీ పెట్టుకుని, ఆవిడ వెళ్లడానికి తలుపు తీసి పట్టుకున్నాడు.