సుకన్య రాసిన సైన్సు పేపరు

కాశిబుగ్గలో ఒక సంఘం నడిపే బాలవాడి మా పక్కిల్లే. అందులో ఆయా సుకన్య. ఆమె గొంతు లేవడం నేనెన్నడూ వినలేదు. అన్నం వేళకు పిల్లలంతా ఒక్కసారే రాగం తీస్తే, నెమ్మదిగా కూర్చున్నవాళ్లకు ముందు వడ్డిస్తుంది. వాళ్లు తినడం చూసి ఏడ్చేవాళ్లు కూడా ఏడుపు మాని పళ్లెం ముందుకు తోస్తారు.

అక్కడి టీచరు మానేసింది. ఆ ఉద్యోగం ఆయాల్లోనే ఒకరికిస్తామని, పదో తరగతిలో ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్లదేనని సంఘం వాళ్లు చెప్పారు. సుకన్యా, ఆమెతో పాటు పనిచేసే స్నేహలతా ప్రైవేటుగా పరీక్ష కట్టారు. సుకన్య పొయ్యి ముందు కూడా పాఠం వల్లెవేసేది. స్నేహలత పుస్తకమే కొనలేదు.

సైన్సు పరీక్ష రోజు జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పేపరు ఇవ్వగానే సుకన్య గాబరా పడిందట. మొదటి ప్రశ్నే రాదు. గట్టిగా ఊపిరి తీసుకొని, పేపరంతా చదివి, వచ్చిన ప్రశ్నలు ముందు పట్టుకుంది, బాలవాడిలో వడ్డించినట్టే. రక్తప్రసరణ గురించి రాస్తుంటే మనసు కుదుటపడింది.

ఇంతలో కాపలా ఉన్న రాజేశ్వర్ రావు సారు తలుపు దగ్గరికి వేసి, జేబులోంచి కాగితం తీసి జవాబులు చెప్పడం మొదలుపెట్టాడు. కంచే చేను మేయడమంటే ఇదే. స్నేహలతతో సహా గదంతా తలలు వంచుకొని రాసుకుంది, ఒక్కరికీ సిగ్గు లేదు. సుకన్య మాత్రం తన దారిన తాను రాసుకుంటోంది.

"చెప్పింది రాయమ్మా," అన్నాడు సారు.

"నాకొచ్చింది రాసుకుంట సార్."

"అందరిదొకటి, నీదొకటి ఉంటే దిద్దేటోళ్లకు అనుమానమొస్తది. అందరి కొంప ముంచుతవా?"

ఆమె మళ్లీ తల వంచేసరికి జవాబు పత్రం లాక్కొని తన బల్ల మీద పెట్టుకున్నాడు. వాడూ ఒక పంతులేనా? నేనైతే చెయ్యి చేసుకునేవాణ్ణి. సుకన్య చేతులు ఒళ్లో పెట్టుకొని, ప్రశ్నలు చూసుకుంటూ జవాబులు వరసగా మనసులోనే రాసుకుందట. బయట చెప్పుల చప్పుడు విని ఆయన హడలిపోయి పత్రం తిరిగిచ్చేదాకా అట్లాగే కూర్చుంది. ఆ తర్వాత కలం ఆపలేదు. అయినా ఒక పెద్ద ప్రశ్న మిగిలిపోయింది.

"పోయిన టైం ఇయ్యమని అడగకపోయినవా?" అన్నాను కోపంగా, ఆమె ఇంటికొచ్చి ఇదంతా చెప్పాక.

"అడుక్కుంట కూసుంటే ఉన్నది గూడ పోతుండె గదన్నా," అంది.

ఫలితాలొచ్చాయి. సుకన్య పాసైంది. స్నేహలతకు ఆమెకన్నా ఎక్కువొచ్చాయి. సంఘం వాళ్లు మార్కులు చూసి చేతులు దులుపుకున్నారు. ఫిర్యాదు చేద్దామంటే సాక్ష్యం ఎవరు చెబుతారు? గదిలో ఉన్నవాళ్లంతా తిన్నవాళ్లే.

స్నేహలత కొత్త టీచరుగా చేరిన రోజు మైసూర్‌పాక్ పంచింది. నా ముక్క నోట్లో పెట్టుకోబుద్ధి కాక మురుగు మోరీలో పడేశాను. ఆమె సుకన్య దగ్గరికొచ్చి, నిజంగానే జాలిపడుతూ అంది, "ఏమనుకోకక్కా. సారు నీకు గూడ చెప్పిండు గదా. రాస్తే అయిపోతుండె."

సుకన్య చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పిల్లలొస్తాండ్లు టీచర్. సాపలు పరుస్త, జర జరుగుండ్లి."