ఎర్ర రబ్బర్లు, తోలు బిళ్లలు

పందెంలో తిరిగే బండికి ఖరీదైన బ్రేకులు అవసరమా అని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా జవాబు చెబుతాను. ముందు ఆ బ్రేకు దేన్ని పట్టుకోవాలో, ఎండలో పట్టుకోవాలో వానలో పట్టుకోవాలో చూడమంటాను. ధర సంగతి ఆ తర్వాత. ఇది నేను ఎక్కడో చదివి తెలుసుకున్నది కాదు. వరంగల్‌లో మగ్గం నేసుకునే రోజుల్లో నా ఎడమ మణికట్టు నేర్పిన పాఠం.

డెబ్బైల చివరి మాట. మా వాడకట్టు బడి మైదానంలో ఏటా ఆగస్టు పదిహేనున సైకిల్ పందెం జరిగేది. పది చుట్లు. నీళ్ల ట్యాంకు దగ్గర మలుపు మరీ ఇరుకు. అక్కడ ముందుగా బ్రేకు వేసినవాడు వెనకబడతాడు, ఆలస్యంగా వేసినవాడు గోడకు తగులుతాడు. ఒక ఏడు నేను గోడకే తగిలాను. తడిసిన ఉక్కు రిమ్ము మీద బ్రేకు రబ్బర్లు సబ్బుముక్కల్లా జారాయి. మణికట్టు విరిగి మూడు నెలలు కట్టుతో ఉన్నాను. నేను అరుగు మీద కూర్చుని ఉచిత సలహాలిస్తుంటే, కడుపుతో ఉన్న నా భార్య మగ్గం గుంటలోకి దిగి నా వంతు తువ్వాళ్లు కూడా నేసింది. ఆ మూడు నెలలు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరుసటి ఏడు జూలైలో మళ్లీ పందెం మాటెత్తాను. బుద్ధి రాలేదని కాదు, ఆ మలుపు నన్ను ఓడించిందన్న కసి పోలేదు. నా భార్య పాప ఉయ్యాల పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతూనే తేల్చి చెప్పింది.

"పోతె పో. గని ఈసారి చెయ్యిరిగితె ఆ మగ్గం మీద నేను కూసోను. పోరిని నీ ఒళ్లేసి మా అమ్మగారింటికి పోత. బ్రేకు నిలుస్తదని నా కండ్లకు చూపెట్టినంకనే పోవాలె."

పని కోసం సొంతూరు వదిలి వచ్చి మా పక్కింట్లో ఉంటున్న ఆమె అన్న, అంటే మా బావ, కూడా మగ్గం మనిషే. పందెంలో నాకు గట్టి పోటీ కూడా. బొంబాయి దగ్గరి భీవండిలో పనిచేసే చుట్టంతో ఫారిన్ బ్రేకు రబ్బర్లు తెప్పించుకున్నాడు. ఎర్రగా, కుంకుమ డబ్బీలోంచి తీసినట్టుండేవి. ఎండిన రోడ్డు మీద రెండు వేళ్లతో నొక్కితే సైకిల్ టక్కున నిలిచేది. అబద్ధమెందుకు, నాకు కడుపు మండింది.

"ఏం బావా, గోడ మల్ల పిలుస్తాందా? నీకు గూడ ఒక జత తెప్పియ్యాల్నా?" అన్నాడు.

"అక్కర్లే. దినమంత నాడెను ఆపే తోలు, సైకిల్‌ను ఆపదా?" అన్నాను.

మగ్గానికి రెండు కొసలా, నూలు మోస్తూ అటూ ఇటూ పరుగెత్తే నాడెను కొట్టడానికీ ఆపడానికీ బర్రెతోలు బిళ్లలుంటాయి. వేల దెబ్బలు తిన్నా చెదరవు. రెండు కొత్త బిళ్లలు తీసి, కొలతకు కోసి, రబ్బర్ల స్థానంలో బిగించి, హనుమకొండ దారిలో పల్లం చూసుకుని వదిలాను. బ్రేకు నొక్కితే సైకిల్ ఇంకా హుషారుగా పోయింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది. చివరికి ఒక గడ్డిబండిని గుద్దుకుని ఆగాను. చెయ్యి బాగానే ఉంది, పరువే కొంచెం గీరుకుపోయింది.

ఇంటికొచ్చి చెబితే నా భార్య కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. కొత్త బిళ్లల్ని వారాల తరబడి నూనెలో నానబెట్టేది మేమే. నా చేత్తో నానబెట్టిన తోలునే తీసి బ్రేకుకు బిగించాను! మగ్గం మనిషి తప్ప ఇంకెవడూ చేయలేని తప్పు.

"నూనె పెట్టి బండిని ఆపుతరా ఎవలన్న?" అంటూ ఆ బిళ్లల్ని తీసుకుని, కుండలో పొయ్యి బూడిద పోసి పూడ్చిపెట్టింది. జిడ్డు గిన్నెలు తోమే మనిషికి బూడిద నూనెను లాగేస్తుందని ఒకరు చెప్పాలా? రోజూ బూడిద మార్చింది. ఎనిమిదో రోజుకు తోలు పొడిగా, చెక్కలాగా తయారైంది.

పరీక్ష కూడా ఆమే పెట్టింది. వాన పడుతుండగా పిల్లను మా అమ్మకు అప్పగించి, అదే పల్లంలో రాయితో అడ్డంగా గీత గీసి, వచ్చి వెనక క్యారేజీ మీద కూర్చుంది. "గీత దాటితె పందెం లేదు" అంది. వాడకట్టు వాడకట్టంతా నవ్వుతోంది. నేను మాత్రం గీత మీంచి కళ్లు తిప్పలేదు, వెనక ఉన్నది ఆమె కదా. నొక్కాను. తోలు కీచుమని అరిచి రిమ్మును కరుచుకుంది. గీతకు మూరెడు ముందే ఆగాం. ఆమె దిగి, కొంగు పిండుకుని, "ఇగ పో" అంది.

పందెం రోజు పొద్దుటి నుంచీ వానే. తిన్నగా పోయేచోట మా బావ కాళ్లకు నేను సరితూగేవాణ్ని కాను. మలుపులో మాత్రం అతను ఇరవై గజాల ముందు నుంచే నొక్కేవాడు, నేను పది గజాల దాకా ఆగేవాణ్ని. బ్రేకు మీద నమ్మకముంటే మనిషి వేగంగా పోతాడు, అంతే. ప్రతి చుట్టులోనూ అక్కడే అతన్ని అందుకున్నాను. ఆఖరి చుట్టులో అతనికి పట్టుదల వచ్చింది. తనూ నాలాగే ఆలస్యంగా నొక్కాడు. ఎర్ర రబ్బర్లు జారాయి. సైకిల్ ఒకవైపు, అతను ఒకవైపు పడ్డారు. కుడిచెయ్యి చాచి నా దారికి అడ్డంగా పడి ఉన్నాడు.

రెండు చేతులా బ్రేకు బిగించాను. తోలు కీచుమంది. నా ముందు చక్రం అతని వేళ్లకు జానెడు దూరంలో ఆగింది. పక్క నుంచి ముగ్గురు దూసుకుపోయి మా పందెం గెలుచుకున్నారు.

నా భార్య బురదలో పరుగెత్తుకొచ్చింది. ముందు వాళ్లన్న చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ వంచి చూసింది. తర్వాత నాది. 

"నా బ్రేకులు ఎండల మంచిగనే నిలుస్తయి చెల్లె" అన్నాడు బావ, నేలచూపులు చూస్తూ.

"అయితె పందెం ఎండకాలం పెట్టుమను" అంది ఆమె. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "కుండల బూడిద ఇంక మస్తుగున్నది అన్నా. రెండు బిళ్లలు తెచ్చుకో."

మరునాడు పొద్దున్నే మా రెండిళ్లలోనూ మగ్గాలు ఆడాయి.